ఆరు కాలిఫోర్నియా వైన్లు, గోంగూర మాంసంతో భోజనం: కొలత, వరస, జత ఎలా?

నేరేడుపండు
వచ్చే శనివారం రాత్రి ఫ్రీమాంట్‌లో ఎనిమిది మందికి భోజనం. అందులో ఒకరు తాగరు, ఇద్దరు శాకాహారులు. సీసాలు ఆరు: ఆండర్సన్ వ్యాలీ బ్రూట్ (బుడగల వైన్), నాపా సావిన్యాన్ బ్లాంక్, కార్నెరోస్ షార్డొనే (ఈ రెండూ వైట్), రష్యన్ రివర్ పినో న్వార్, లోడై ఓల్డ్ వైన్ (ముదురు తీగల) జిన్‌ఫండెల్, నాపా కాబర్నే సావిన్యాన్ 2019 (ఈ మూడూ రెడ్). పేర్లు కప్పేసి రుచి చూడాలని ఉంది. వంటలు గారెలు, పులిహోర, గుత్తివంకాయ, రొయ్యల వేపుడు, గోంగూర మాంసం, పప్పు, పెరుగు. ఎంత పోయాలి, ఏ వరసలో, ఎంత చల్లగా, ఏ కూరతో ఏది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పీపా_గది
ముందు కొలత తేల్చుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. సీసాలో 750 మి.లీ. తాగేవాళ్లు ఏడుగురు. ఆరు సీసాలూ ఖాళీ చేస్తే మనిషికి 640 మి.లీ. పైనే పడుతుంది. కాలిఫోర్నియా వైన్లలో ఆల్కహాల్ మామూలుగా 13.5 నుంచి 15 శాతం దాకా ఉంటుంది కాబట్టి అది దాదాపు 70 గ్రాముల ఆల్కహాల్. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ 14 గ్రాములు. అంటే తలా ఐదు. నాలుగో వైన్ దగ్గరికి వచ్చేసరికి ఎవరి నాలుకా పనిచేయదు.

రుచికి 45 మి.లీ. చాలు, సరిగ్గా మూడు టేబుల్ స్పూన్లు. ఒక గ్లాసులో మూడు స్పూన్ల నీళ్లు పోసి, మట్టం దగ్గర చిన్న టేపు ముక్క అంటించి, దాన్ని నమూనాగా పక్కన పెట్టుకోండి. కంటి అంచనాతో పోస్తే మొదటి ముగ్గురికి ఎక్కువ, చివరివాళ్లకు అడుగు మిగులుతుంది. ప్రతి ఇద్దరి మధ్యా ఉమ్మడానికి ఒక స్టీలు గ్లాసు పెట్టండి. అది మర్యాద తక్కువ పని కాదు, వైన్ తయారుచేసేవాళ్లంతా అలాగే రుచి చూస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి: రెండు విడతలుగా చేయండి. మొదటి విడత తిండి లేకుండా. రెండో విడత అవే వైన్లు కూరలతో. మొదటిసారి అందరూ మెచ్చింది రెండోసారి వెనకబడుతుంది, ఎవరూ పట్టించుకోనిది ముందుకు వస్తుంది. ఆ మార్పును పట్టుకోవడానికే ఈ భోజనం. మొదటి నుంచీ కూరలు ముందు పెట్టుకుంటే వైన్ వల్ల ఏం జరిగిందో, కూర వల్ల ఏం జరిగిందో తేలదు.

తాలింపు
మన ఇళ్లలో వైన్‌ను దెబ్బతీసేది తాలింపు వాసన. ఇంగువ, కరివేపాకు, ఎండుమిర్చి నూనెలో పడ్డాక ఆ వాసన గంటన్నర, రెండు గంటలు ఇంట్లోనే తిరుగుతుంది. ఆ గదిలో పినో న్వార్ వాసన పట్టడం అసాధ్యం. తాలింపులు, వేపుళ్లు అన్నీ అతిథులు రావడానికి రెండు గంటల ముందే ముగించి, కిటికీలు తెరిచి, తర్వాత ఓవెన్‌లో వేడి చేసుకోండి. గారెలు అప్పటికప్పుడు వేయాల్సిందే కాబట్టి పొయ్యిని పెరట్లోకి మార్చండి, లేదంటే మొదటి విడత పెరట్లో కూర్చోండి. సాయంత్రం అగరబత్తి, సాంబ్రాణి వెలిగించవద్దు. మల్లెపూలు, సెంటు కూడా దూరం. చేతికి రాసుకున్న లోషన్ గ్లాసు ఎత్తిన ప్రతిసారీ ముక్కుకు తగులుతుంది.

మూడోగుక్క
చల్లదనం గురించి. ఫ్రిజ్ 4 డిగ్రీల సెల్సియస్‌లో ఉంటుంది, ఇల్లు 22 నుంచి 24. రెండూ తప్పే.

బ్రూట్ 6–8 డిగ్రీలు: ఫ్రిజ్ నుంచి తీసి అలాగే పోయండి. సావిన్యాన్ బ్లాంక్ 8–10: పది నిమిషాల ముందు తీయండి. షార్డొనే 11–13: అరగంట ముందు తీయకపోతే ఓక్ పీపా వాసన, వెన్న వాసన ఏవీ రావు, వట్టి పులుపే తెలుస్తుంది. పినో 13–15, జిన్‌ఫండెల్ 15, కాబర్నే 16–18. రెడ్ వైన్లను పోయడానికి ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తొందరైతే ఐస్, నీళ్లు సమంగా కలిపిన బకెట్‌లో ఏడెనిమిది నిమిషాలు. ఐస్ ఒక్కటే వేస్తే సీసాకు అక్కడక్కడే తగులుతుంది, నీళ్లుంటే చుట్టూ తాకుతుంది.

24 డిగ్రీల దగ్గర 15 శాతం జిన్‌ఫండెల్ పోస్తే పండు వాసన కంటే ముందు ఆల్కహాల్ ఘాటు ముక్కులోకి వస్తుంది. "ఇది బాగాలేదు" అని జనం పక్కన పెట్టే చాలా కాలిఫోర్నియా రెడ్లకు జబ్బేమీ ఉండదు. అవి వేడెక్కాయి, అంతే.

నేరేడుపండు
ఆరు రకాలకు ఏడుగురంటే 42 గ్లాసులు కావాలి. ఇంట్లో ఉన్నవి పదహారు. మధ్యలో కడుక్కోవాలా?

పీపా_గది
అక్కర్లేదు. మనిషికి రెండు గ్లాసులు చాలు, జంటలుగా పోయండి. కడిగితే లోపల మిగిలే నీటిచుక్కలు వైన్‌ను పలచన చేస్తాయి, సబ్బు వాసన సరేసరి. వైట్ నుంచి రెడ్‌కు మారేటప్పుడు రాబోయే వైన్ ఒక చెంచాడు పోసి, గ్లాసు లోపలంతా తిప్పి పారబోయండి. సరిపోతుంది. అట్టపెట్టెలోంచి తీసిన గ్లాసులకు అట్ట వాసన, అల్మారాలో బోర్లించినవాటికి చెక్క వాసన పట్టి ఉంటుంది. వేడినీళ్లతో ఒకసారి తొలిచి నూలుగుడ్డతో తుడిచి, ఖాళీ గ్లాసు వాసన చూసి మరీ బల్ల మీద పెట్టండి.

బ్రూట్ కప్పడం వృథా, బుడగలే చెప్పేస్తాయి. దాన్ని గారెలతో స్వాగతానికి వాడుకోండి. తెరిచేటప్పుడు సీసా 45 డిగ్రీలు వంచి, కార్క్‌ను గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. లోపల ఆరు వాతావరణాల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో కంటే రెట్టింపు పైమాటే. వైరు వదులు చేసిన క్షణం నుంచి బొటనవేలు కార్క్ మీదే ఉండాలి.

మిగతా ఐదింటికి కాగితపు సంచులు. కానీ సంచి ఒక్కటే చాలదు. పినో, షార్డొనే సీసాలకు భుజాలు జారుగా ఉంటాయి, కాబర్నే సీసాకు నిటారుగా ఉంటాయి. సంచిలోంచి కూడా ఆకారం తెలిసిపోతుంది. మెడ మీద రేకు పూర్తిగా ఒలిచేయండి, పేరు అచ్చువేసి ఉండే కార్కులు జేబులో వేసుకోండి. వీలైతే ఒకే రకం జగ్గుల్లోకి వంచండి. ఒకరు అంకెలు వేసి వెళ్లాక ఇంకొకరు వాటిని అక్షరాలుగా మారిస్తే ఇద్దరికీ ఏది ఏదో తెలియదు.

వరస: సావిన్యాన్ బ్లాంక్, షార్డొనే ఒక జంట. పినో, జిన్‌ఫండెల్ రెండో జంట. మూడో జంటలో కాబర్నే, దాని పక్కన మళ్లీ అదే పినో 30 మి.లీ. ఎవరికీ చెప్పవద్దు. జిన్‌ఫండెల్, కాబర్నేల తర్వాత తాగిన పినోకు చాలామంది "పలచన, పులుపు ఎక్కువ" అని రాస్తారు. పావుగంట ముందు అదే వైన్‌కు "సువాసన, మృదువు" అని రాసి ఉంటారు. వరస నాలుకను ఎంత మోసం చేస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

కృష్ణా_కరకట్ట
జిన్‌ఫండెల్‌ను కాబర్నే తర్వాత పెట్టమంటాను. నల్లపండు జామ్ లాంటి ఆ వాసన తర్వాత కాబర్నే ఎండిపోయినట్టు, వగరుగా అనిపిస్తుంది. గోంగూర మాంసానికి జిన్‌ఫండెలే జత. మాంసం కొవ్వుకు, మసాలాకు ఆ పండుతనం బాగా నప్పుతుంది. మిరియం, లవంగం వాసనలు రెండింట్లోనూ ఉంటాయి.

తాలింపు
వరస విషయంలో సరే. గోంగూర విషయంలో ఒప్పుకోను. వట్టి మాంసం కూరైతే మీరన్నది నిజం. గోంగూరలో పులుపు, కారం రెండూ గట్టివి. లోడై జిన్‌ఫండెల్‌లో ఆమ్లం మామూలుగా తక్కువ, ఆల్కహాల్ ఎక్కువ. కూర పులుపు వైన్ పులుపు కంటే మించితే వైన్ చప్పబడుతుంది. పైగా కారం మండుతున్న నోట్లో 15 శాతం ఆల్కహాల్ పోస్తే మంట రెట్టింపు.

మూడోగుక్క
తాలింపు గారు చెప్పినదానికి కారణం ఉంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ నోట్లో వేడిని గుర్తించే గ్రాహకానికి అతుక్కుంటుంది. ఆల్కహాల్ కూడా అదే గ్రాహకాన్ని రెచ్చగొడుతుంది. అప్పుడు ఒంటి వేడి దగ్గరే మంట మొదలవుతుంది. టానిన్, అంటే రెడ్ వైన్‌లోని వగరు, దాని మీద గరుకుదనం చేరుస్తుంది. బుడగలు కూడా కారాన్ని ఎగదోస్తాయి, అందుకే బ్రూట్‌ను పచ్చిమిర్చి ఎక్కువ వేసిన గారెతో కాకుండా మిరియం, అల్లం వేసిన గారెతో ఇవ్వండి. నూనెలో వేగినదానికి బుడగలు, పులుపు చక్కగా సరిపోతాయి.

వైన్‌లో మంటను తగ్గించేవి రెండే: చల్లదనం, కొంచెం తీపి. మాంటెరే నుంచి వచ్చే తీపి తగిలే రీస్లింగ్, ఆండర్సన్ వ్యాలీ గెవుర్జ్‌ట్రామినర్ అనే వైట్ వైన్లు ఇలాంటి భోజనానికి అచ్చంగా నప్పుతాయి. సీసా కొనేటప్పుడు ఆల్కహాల్ శాతం చూడండి. పులియడం మధ్యలో ఆపితే చక్కెర మిగులుతుంది, ఆల్కహాల్ తగ్గుతుంది. రీస్లింగ్ మీద 11–12 శాతం ఉంటే కొంత తీపి ఉందని అనుకోవచ్చు. బుడగల వైన్లలో మాత్రం పేరు తికమక పెడుతుంది. "ఎక్స్‌ట్రా డ్రై" అని రాసినది బ్రూట్ కంటే తీపి. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17.

కృష్ణా_కరకట్ట
కారణం చూశాక నా మాట సవరిస్తున్నాను. జిన్‌ఫండెల్ ఉంచుకోవాలంటే కూరను దానికి తగ్గట్టు దిద్దాలి. ఎండుమిర్చి సగానికి తగ్గించి, గోంగూరను విడిగా నూనెలో మగ్గించి, మాంసం పూర్తిగా ఉడికాక కొద్దికొద్దిగా కలపండి. కిలో మాంసానికి మామూలుగా వేసే ఆకులో మూడో వంతు చాలు. కొవ్వు ఉన్న ముక్కలు తీసుకోండి, ఉప్పు సరిగా పడాలి. ఉప్పు, కొవ్వు, మాంసకృత్తులు మూడూ వగరును మెత్తబరుస్తాయి. గోంగూర కలపకముందే రెండు గరిటెల మాంసం పక్కకు తీసి, మిరియాలతో వేపుడు చేస్తే కాబర్నేకు జత కుదురుతుంది.

మిగతావాటి గురించి నా లెక్క. పులిహోరకు సావిన్యాన్ బ్లాంక్, పులుపుకు పులుపు. గుత్తివంకాయలో వేరుశనగ, నువ్వులు, కొబ్బరి ఉంటాయి కాబట్టి ఓక్ పీపాలో పెరిగిన షార్డొనేతో కలుస్తుంది, చింతపండు మాత్రం తగ్గించండి. రొయ్యలకు బ్రూట్ గానీ షార్డొనే గానీ. రెడ్ వైన్లలో కొంచెం ఇనుము ఉంటుంది. చేపలు, రొయ్యల కొవ్వుతో అది కలిస్తే నోట్లో నీచు వాసన మిగులుతుంది. ఈ జత కుదరదని ఊరికే అనరు. పినో పప్పు, నెయ్యి, అన్నంతో ఎంత బాగుంటుందో ఒకసారి చూడండి. ఆవకాయ జాడీ ఆ పూటకు అల్మారాలోనే ఉంచండి.

తాలింపు
అలా చేస్తే నాకు అభ్యంతరం లేదు. రెండు వైన్ల మధ్య ఉప్పు లేని వట్టి అన్నం ఒక ముద్ద, రెండు గుక్కల నీళ్లు. పెరుగు కారాన్ని బాగా లాగేస్తుంది కానీ నోట్లో పూతలా మిగులుతుంది. పెరుగు తిన్న రెండు మూడు నిమిషాల దాకా వైన్ ముట్టుకోవద్దు.

శాకాహారి_510
శాకాహారులున్నారన్నారు కాబట్టి అడుగుతున్నాను. వైన్‌లో గుడ్డు, చేప వాడతారంటారు. నిజమేనా? సీసా చూసి ఎలా తెలుసుకోవాలి?

పీపా_గది
నిజమే, అన్నిట్లో కాదు. వైన్‌ను తేర్చడానికి, వగరు తగ్గించడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల కేసీన్, జెలటిన్, చేప తిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు. అవి అడుగున మడ్డితో పాటు దిగిపోతాయి, పైనున్న వైన్‌ను వేరు చేస్తారు. మంచి కాబర్నేలకు తెల్లసొన వాడటం పాత పద్ధతి. వైట్ వైన్లకు ఎక్కువగా బెంటొనైట్ అనే మట్టి వాడతారు, దానితో శాకాహారులకు ఇబ్బంది లేదు. లేబుల్ మీద ఈ సంగతి రాయాలన్న నియమం అమెరికాలో లేదు. "అన్‌ఫైన్డ్" అని ఉంటే ఇవేవీ వాడలేదని అర్థం. రిడ్జ్ అనే వైనరీ వాళ్లు దినుసులన్నీ లేబుల్ మీద అచ్చువేస్తారు, తెల్లసొన వాడితే అదీ ఉంటుంది. మిగతావాళ్లకు ఈమెయిల్ పెడితే చెబుతారు.

తాగనివాళ్లకు ఆండర్సన్ వ్యాలీలోని నవారో వైనరీ వాళ్ల గెవుర్జ్‌ట్రామినర్, పినో న్వార్ ద్రాక్షరసం తెప్పించండి. ఆల్కహాల్ లేదు, అదే ద్రాక్ష. వాళ్లు కూడా వాసనలు పోల్చి మాట్లాడగలుగుతారు.

లివర్‌మోర్_గాలి
మీ ఆరు సీసాలూ ఐదు ప్రాంతాలవి, ఒక్కోచోట ఒక్కో రకం చలువ. ఆ సంగతి బల్ల దగ్గర చెప్పండి, రుచి వెంటనే అర్థమవుతుంది. పసిఫిక్ నీళ్లు చల్లన, లోపలి లోయ వేడి. వేడిగాలి పైకి లేస్తుంటే సముద్రం మీది పొగమంచు కొండల సందుల్లోంచి లోపలికి వస్తుంది. కార్నెరోస్ శాన్ పాబ్లో అఖాతం ఒడ్డున ఉంది, రష్యన్ రివర్‌కు పెటలుమా సందు నుంచి మంచు చేరుతుంది. రాత్రి చలికి ద్రాక్షలో ఆమ్లం నిలుస్తుంది. అందుకే అక్కడ పినో, షార్డొనే. నాపా లోయలో ఉత్తరానికి పోయేకొద్దీ వేడి పెరుగుతుంది. లోడైకి నదుల డెల్టా మీదుగా వచ్చే చల్లగాలి సాయంత్రం అందుతుంది, పగలు మాత్రం ఎండే.

లేబుల్ లెక్క కూడా చెప్పుకోవచ్చు. ద్రాక్ష పేరు రాయాలంటే ఆ ద్రాక్ష 75 శాతం ఉండాలి. రష్యన్ రివర్ లాంటి గుర్తింపు ప్రాంతం పేరుకు 85, అలాంటి సీసా మీద సంవత్సరానికి 95. కాలిఫోర్నియా అని రాస్తే వంద శాతం ఇక్కడి ద్రాక్షే. ఆల్కహాల్ 14 శాతం దాటినవాటిలో ఒక శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 14.5 అని రాసినది 15.5 కావచ్చు. "రిజర్వ్", "ఓల్డ్ వైన్" అన్న మాటలకు చట్టంలో నిర్వచనం లేదు. మీ లోడై సీసా మీద తోట పేరు, నాటిన సంవత్సరం ఉంటే నమ్మకంగా తీసుకోండి.

ఫ్రీమాంట్ నుంచి నైల్స్ కాన్యన్ దాటితే లివర్‌మోర్ తోటలే. షార్డొనే అని సీసా మీద ద్రాక్ష పేరు మొదట వేసింది అక్కడి వెంటే (Wente) అనే వైనరీ, 1936 పంట. పెటీట్ సిరా పేరు మొదట వేసింది అక్కడిదే కంకానన్ వైనరీ, 1961 పంట. మన తెలుగువాళ్లు వేలమంది ఉండే డబ్లిన్, ప్లెజంటన్ పక్కనే ఇంత చరిత్ర ఉంది. వచ్చేసారి ఒక సీసా అక్కడి నుంచి తెచ్చుకోండి.

నేరేడుపండు
చాలా ఉపయోగం. రుచిని మాటల్లో రాయమంటే అందరూ "బాగుంది, ఘాటుగా ఉంది" దగ్గర ఆగిపోతారు. కాగితం మీద ఏం అడగాలి?

తాలింపు
మనకు ఆరు రుచుల పేర్లు ఉగాది నాటి నుంచి నోటికి వచ్చు, వాటినే వాడండి. టానిన్ అంటే వగరు. ఇంగ్లీషులో రుచి చూసేవాళ్లు వగరును, చేదును తరచూ కలిపేస్తారు, మనకు ఆ ఇబ్బంది లేదు. వక్క నమిలినప్పుడు, పచ్చి జామకాయ కొరికినప్పుడు బుగ్గల లోపల పట్టేసినట్టు ఉంటుందే, అది వగరు. గుక్క మింగాక నాలుకతో పైపళ్ల మీద తడమండి. గరుకుగా తగిలితే వగరు ఎక్కువ, జారితే తక్కువ. పులుపు తెలియాలంటే మింగి, తల వంచి, దవడ కింద నీళ్లు ఎంత ఊరుతున్నాయో చూడండి. గొంతులో వెచ్చదనం ఆల్కహాల్.

తీపి దగ్గర పొరపాటు జరుగుతుంది. జిన్‌ఫండెల్‌కు జామ్ వాసన ఉంటుంది కాబట్టి "తీపి" అని రాసేస్తారు. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకోండి. అప్పుడూ తీపి తెలిస్తే చక్కెర ఉన్నట్టు, తెలియకపోతే అది వాసనే.

వాసనలకు మన పండ్లే రాయండి: నేరేడు, రేగు, పచ్చి మామిడి, దబ్బ. షార్డొనేలో వెన్న వాసన వస్తే దానికి కారణం పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లం తయారయ్యే పద్ధతే. బాక్టీరియా పచ్చి యాపిల్ పులుపును పెరుగు పులుపుగా మారుస్తూ వెన్న వాసనను విడుస్తుంది. కాబర్నేలో క్యాప్సికం కోసిన వాసన వస్తే ద్రాక్ష పూర్తిగా పండి ఉండకపోవచ్చు.

మూడోగుక్క
రాసేటప్పుడు నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మొదట నోరు విప్పినవాళ్లు చెప్పిన పండు పేరే మిగతా ఆరు కాగితాల్లోకి ఎక్కుతుంది. మార్కులు వద్దు, ర్యాంకులు వేయించండి. 1976 మే 24న పారిస్‌లో వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ ఫ్రెంచ్, కాలిఫోర్నియా వైన్లకు పేర్లు కప్పి పెట్టిన పోటీలో ఇరవైకి మార్కులు వేసి సగటు తీశారు. రెడ్లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ 1973 కాబర్నే, వైట్లలో షతో మాంటెలీనా 1973 షార్డొనే గెలిచాయి. గొప్ప ఫలితమే, కానీ సగటులో చెయ్యి బిగించి వేసేవాళ్ల మార్కు ఒక్కటే వైన్‌ను కిందికి లాగగలదు. ర్యాంకుల్లో అందరి మాటకూ ఒకే బరువు. అంకెలు కూడి, తక్కువ మొత్తం వచ్చినది మొదటిది. ఒకే వైన్‌కు ఒకరు 1, ఇంకొకరు 5 వేస్తే దాని మీదే ఎక్కువసేపు మాట్లాడుకోండి.

పీపా_గది
చెడిన సీసా ఎలా తెలుస్తుందో కూడా చూసుకోండి. తడిసిన అట్టపెట్టె, మూసిన గోదాము వాసన వస్తే కార్క్ జబ్బు, టీసీఏ. గాలి తగిలేకొద్దీ అది పెరుగుతుంది, బాగుపడదు. కాల్చిన అగ్గిపుల్ల వాసన అయితే గ్లాసు గట్టిగా తిప్పి పది నిమిషాలు ఆగండి, పోతుంది. గోళ్లరంగు తుడిచే మందు వాసన పోదు. కార్క్ మెడ పైకి పొడుచుకొచ్చి, వైన్ ఉడికించిన పండులా ఉంటే ఎండలో కారు డిక్కీలో వేగినట్టే. 2020 నాపా రెడ్లు కొనేటప్పుడు అడిగి కొనండి. ఆ ఏడు ఆగస్టు, సెప్టెంబరు అడవి మంటల పొగ ద్రాక్షకు పట్టి చాలామంది ఆ పంట రెడ్లు సీసాకే ఎక్కించలేదు. పొగ పదార్థం చక్కెరకు అతుక్కుని ఉంటుంది. వాసనకు దొరకదు, మింగాక ఉమ్మి దాన్ని విడగొడుతుంది, అప్పుడు బూడిద రుచి వస్తుంది. మీది 2019 కాబట్టి ఆ భయం లేదు.

కాబర్నేను గంటన్నర ముందు వెడల్పు జగ్గులోకి వంచండి. కార్క్ తీసి సీసాను అలాగే ఉంచితే ఏమీ మారదు, మెడ దగ్గర గాలి తగిలేది రూపాయి బిళ్లంత మేరే. జిన్‌ఫండెల్‌కు అరగంట. పినోను ముందే వంచి ఉంచవద్దు.

నేరేడుపండు
మిగిలినవి తలా ఒకటి ఇంటికి పంపించవచ్చా?

పీపా_గది
పంపండి, కానీ తెరిచిన సీసా కారు లోపల ఉంటే కాలిఫోర్నియాలో నేరం. డిక్కీలోనే పెట్టాలి. డ్రైవింగ్‌కు హద్దు 0.08 శాతం. రుచి విడతలో 300 మి.లీ., భోజనంతో ఇష్టమైన రెండింట్లో 75 చొప్పున తీసుకున్నా మూడు డ్రింకులు దాటుతుంది. అందుకని తాగనివాళ్లు నడపాలి, లేదా క్యాబ్. ఇంట్లో రెడ్ అయినా సరే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, రెండు మూడు రోజులు ఉంటుంది. బ్రూట్‌కు బిగించే మూత వేరే కొనుక్కోవాలి, చెంచా పెడితే బుడగలు ఆగవు.

ర్యాంకుల కాగితాలు రెండు విడతలవీ ఇక్కడ పెట్టండి. గోంగూర తగ్గించాక జిన్‌ఫండెల్ ఎన్నో స్థానంలో నిలిచిందో చూడాలి.